రూపాయి చాయ్

ముప్పయ్యేళ్ల కిందట, చుట్టూ హిందీయే వినబడే టాటీబంధ్‌లో బస్సు కోసం నిలబడి, మా రైస్ మిల్లు సేఠ్‌ని తెలుగులో తిట్టుకుంటున్నాను. పక్కనున్న పెద్దావిడ విని నవ్వింది; ఆవిడా తెలుగే. ఏదో ఆఫీసులో టైపిస్టుగా రిటైరైందట. నేను ఇద్దరికీ చాయ్ చెబితే, వద్దన్నట్టు తన గ్లాసుని అరచేత్తో మూసేసింది.

"మీ సేఠ్ కూడా సాయంత్రం ఆరింటికి చాయ్ ఇప్పిస్తాడేంటమ్మా?"

ఇప్పిస్తాడు, సరిగ్గా నా పని అయిపోయే వేళకి. తాగాక లేవాలంటే మొహమాటం. ఇంకో రెండు గంటలు లెక్కలు రాయిస్తాడు.

"జీతం ఎంత?"

"ఏడాదికి పన్నెండు వేలండీ," అన్నాను గొప్పగా.

"ఏడాదంతా నువ్వు చెయ్యాల్సిన గంటలతో దాన్ని భాగించు."

వారానికి నలభై ఎనిమిది గంటల చొప్పున అరచేతి మీద పెన్నుతో లెక్కవేశాను. గంటకి అయిదు రూపాయలకి కాస్త తక్కువ వచ్చింది.

"అంటే ఆ రెండు గంటలకీ దగ్గర దగ్గర పది రూపాయలు. వాడిచ్చేది రూపాయి చాయ్. నేను ఇరవయ్యేళ్లు తాగాను తల్లీ. నువ్వు లేచి వచ్చెయ్. కానీ రేపే లేవకు. వాడికి నీ అవసరం పడిన రోజు చూసి లే."

బస్సొస్తే ఎక్కేసింది. నేను ఆవిడ పేరైనా అడగలేదు.

మార్చి నెలాఖరు దాకా రోజూ ఆ చాయ్ తాగుతూ కాచుకున్నాను. ఖాతాలు ముగించాల్సిన ఆఖరి సాయంత్రం కప్పు రాగానే దాని మీద సాసరు బోర్లించి లేచాను.

"బేటీ, చాయ్ తో పీ లో," చాయ్ అయినా తాగి వెళ్లమన్నాడు సేఠ్.

"గిట్టుబాటు కావడం లేదు సేఠ్‌జీ."

గేటు దాటేదాకా ఆయన కాగితాలు గబగబా తిరగేస్తున్న చప్పుడు వినబడింది. అంత కమ్మటి చప్పుడు నేను మళ్లీ వినలేదు.