పోయినవారు ఐదుగురు

దెయ్యాలు, ఆత్మలు అంటూ కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ ఒళ్ళు మంట. పాకాలలో ముప్పై ఏళ్ళుగా మైకుసెట్టు అద్దెకిస్తున్నాను. ఎవరూ మాట్లాడకుండా హారన్‌లో గొంతు వినిపించిందంటే ఎక్కడో వైరు వదులైందని అర్థం. అలాంటివి ఎన్నోసార్లు నేనే బిగించాను. ఈ సంగతి ఎవరినో భయపెట్టాలని చెప్పడం లేదు. కోపం తీరక చెబుతున్నాను.

మాది ఐరాల దగ్గర చిన్న పల్లె. బస్సు ఆగేచోట ఒక పాత రాయి ఉండేది. ‘ఈ యూరినుండి యుద్ధమునకు పోయినవారు ఐదుగురు’ అని దానిమీద చెక్కారు. పేర్లు లేవు. చెక్కించిన దొరలకు పోయినవారంటే వెళ్ళినవారు. మా ఊళ్ళో పోయినవారంటే చచ్చిపోయినవారు.

రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళిన ఆ ఐదుగురిలో మా తాత మునిరత్నం ఒకడు. మిగతా నలుగురి ఇళ్ళకూ చావు తంతి వచ్చింది. మా ఇంటికి ఏమీ రాలేదు. అప్పటికి మా నాయన ఇంకా అవ్వ కడుపులో ఉన్నాడు. మా వైపు బయలుదేరేవాళ్ళెవరూ ‘పోతా’ అనరు, ‘పోయొస్తా’ అంటారు. తాత కూడా ఆ మాటే చెప్పి గడప దాటాడట. చెప్పిన మనిషి రాకుండా ఉండడని అవ్వ చచ్చేదాకా బొట్టు తీయలేదు, కర్మలు చేయనివ్వలేదు. ఆ రాయి ముందు నడవాల్సివస్తే ముఖం తిప్పుకునేది.

నిరుడు రోడ్డు వెడల్పు చేసేటప్పుడు రాయి పగిలిపోయింది. ఊరి కమిటీవాళ్ళు నల్లరాతితో కొత్తది చేయిస్తామని, ఈసారి పేర్లు కూడా చెక్కిస్తామని అన్నారు. మా నాయనకు ఎనభై దాటాయి. తండ్రిని ఫోటోలో కూడా చూసినవాడు కాదు. రాతిమీద పేరన్నా తడిమి చూసుకుంటానని ఆశపడ్డాడు. నేను వెళ్ళి కమిటీ పెద్దను అడిగాను.

“సచ్చినట్టు కాగితం ఉండాదా?” అన్నాడు. “మీ అవ్వ బొట్టే తీయలేదు గదప్పా. ఆయమ్మే ఒప్పుకోనిది మేమెట్ట రాసేది? ఇది పోయినోళ్ళ రాయి.”

పాత రాతిమీద ఐదుగురని ఉంది కదా అన్నాను. ఐదోవాడు మీ తాతేనని రాసుండాదా అని నవ్వాడు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ పళ్ళు పటపటమంటాయి. రాతి అడుగున తన పేరూ, కమిటీలో అందరి పేర్లూ చెక్కించుకున్నాడు. యుద్ధం మొహం చూడనివాళ్ళకు చోటు దొరికింది, మా తాతకు దొరకలేదు. పైగా ప్రారంభం రోజు మైకుసెట్టు నన్నే పెట్టమన్నాడు. చస్తే పెట్టనన్నాను. నాయనే వినలేదు.

“పెట్టురా. ఆ నలుగురూ మా నాయనతో కలిసి పోయినోళ్ళే గదా” అన్నాడు.

పొద్దున పది గంటలు, మంచి ఎండ. కమిటీ పెద్ద ఒక్కో పేరూ చదువుతుంటే ఆ ఇంటివాళ్ళు వచ్చి పూలు పెట్టారు. నాలుగో పేరు అయిపోయింది. ఆయన కాగితం మడిచి, మైకు ఆపమని సైగ చేశాడు. నా చేత్తోనే స్విచ్చి ఆపాను. ఆంప్లిఫయర్ లైటు ఆరిపోవడం చూశాను.

అప్పుడు హారన్‌లోంచి గొంతు వచ్చింది. వయసులో ఉన్న మగమనిషి గొంతు, దూరం నడిచొచ్చినట్టు కాస్త ఆయాసంగా ఉంది.

“వచ్చినా.”

ఒక్క మాటే. అక్కడున్న అందరూ విన్నారు. వెనక కుర్చీలో కూర్చున్న మా నాయన లేచి నిలబడ్డాడు.

“వచ్చినావా నాయనా” అన్నాడు. ఇన్నేళ్ళ బతుకులో ఆ పిలుపుతో ఆయన ఎవరినీ పిలిచి ఎరగడు.

నేను వైర్లన్నీ విప్పి చూశాను. చుట్టుపక్కల ఇంకో మైకు లేదు. మా చెల్లెలు ఫోన్‌లో తీసిన వీడియోలో ఆ చోట గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. నాయన మాట మాత్రం స్పష్టంగా ఉంది. ముప్పై ఏళ్ళ అనుభవంతో ఎంత వెతికినా ఆ గొంతు ఎక్కడిదో నాకు ఇప్పటికీ అంతుచిక్కలేదు.

మర్నాడు కమిటీ పెద్ద మా ఇంటికొచ్చి, ఐదో పేరు చెక్కిస్తానన్నాడు. కాగితం కావాలన్న మనిషికి ఇప్పుడు ఏ కాగితమూ అక్కర్లేకపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. ఇంకా తిట్టేవాడినే, నాయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. తర్వాత ఆయనవైపు తిరిగాడు.

“వద్దులేప్పా. వచ్చినోడి పేరు పోయినోళ్ళ రాతిమీద ఎందుకు?”