సూరత్ పేరు పెట్టిన చెట్టు

కరోనా వచ్చి సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయిన ఆ వేసవిలో సూరత్‌లోని మా గోడాదరా అంత నిశ్శబ్దంగా ఉండగలదని నేనెన్నడూ అనుకోలేదు. అమ్మ పోయాక బాపూ నేనూ ఇద్దరమే. ఇరవై ఏళ్ళు ఆ మోతలో బతికిన మనిషి, ఇప్పుడు పగలంతా కిటికీ దగ్గర కూర్చుని సందు చివరి పసుప్పూల చెట్టును చూసేవాడు. దగ్గేవాడు. నూలు దుమ్ము దగ్గేనని ఇద్దరం నమ్మాం, నమ్మాలనుకున్నాం కనుక.

నేనప్పుడు డిగ్రీలో వృక్షశాస్త్రం చదువుతున్నాను. చదివింది ఎవరికైనా చెప్పకపోతే నాకు కడుపు ఉబ్బుతుంది. ఆ చెట్టు పేరు సెన్నా సురట్టెన్సిస్ అనీ, లాటిన్‌లో పేరు చివర 'ఎన్సిస్' ఉంటే ఫలానా ఊరిదని అర్థమనీ చెప్పాను.

"అయితే గా చెట్టు సూరత్‌దేనా?"

"కాదట బాపూ. దాని పుట్టిల్లు సముద్రం అవతల. ఈడ చూసినోళ్ళు ఈడిదే అనుకొని రాసిండ్రట."

"దాన్ని ఒక్క మాటన్న అడగలేదు గద," అని నవ్వాడు. నవ్వు మధ్యలోనే దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక, "నాకేమన్న అయితే మన ఊర్లనే కావాలె బిడ్డా," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అట్లాంటి మాటలు నోట రానివ్వొద్దని కసిరాను.

బస్సులు వదలగానే బయల్దేరాం. తెలంగాణలో మా ఊరి పొలిమేరలో దారికి అడ్డంగా తుమ్మకంప వేసి ఉంది. అవతల బాపు సొంత తమ్ముడు, మూతికి తువాల కట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, సూరతోళ్ళను రానియ్యద్దని అందరు అనుకున్నరు. జర గా బడిల ఉండుండ్రి."

సూరత్‌లో మమ్మల్ని తెలంగీలంటారు. ఇక్కడికొస్తే సూరతోళ్ళమయ్యాం. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో ఆ కంప ముందు తెలిసింది. బాపు మాత్రం నావైపు తిరిగి, "చూసినవా బిడ్డా, నాకు గూడ లాటిన్ పేరు పెట్టిండ్రు," అన్నాడు. నేను నవ్వలేదు.

కంపకు ఇవతలి బడి అరుగు మీద నుంచి మా ఇంటి పెంకులు కనిపిస్తాయి. మూడు రోజులు వాటినే చూశాడు. నాలుగో రోజు ఊపిరి అందకపోతే అంబులెన్సులో పట్నం ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడే పోయాడు. దహనం కూడా అక్కడే, ఆసుపత్రి వాళ్ళే చేశారు.

నా చేతికిచ్చిన మరణ ధ్రువీకరణ కాగితంలో ఊరు అన్నచోట సూరత్ అని ఉంది. తప్పు రాశారు, దిద్దమన్నాను. గుమాస్తా తలెత్తకుండానే కలం తీసి, "మీది ఏ ఊరమ్మా?" అని అడిగాడు.

"సూరత్" అన్నాను, అలవాటు కొద్దీ.

అతను కలం పక్కన పెట్టి కాగితం నాకే తిరిగిచ్చాడు.