గుర్రం వేసిన అడుగులు

మా ఆయన ఎర్కిన్‌బెక్ పోయి రెండేళ్లయింది. బిష్కెక్‌లో ఒక కాలేజీలో ముప్పై ఏళ్లు వ్యాయామం నేర్పారు. తాను మాత్రం వీధి చివర రొట్టెల కొట్టుకు కూడా కారులోనే వెళ్లేవారు.

ఒక వసంతంలో కాలేజీ ఆటల హాలు పైకప్పు కురిసింది. మరమ్మతులు అయ్యేదాకా అడుగులు లెక్కపెట్టే యాప్ ఒకటి పిల్లలందరి ఫోన్లలో వేయించారు. నెలకు రెండు లక్షల అడుగులు నడిస్తే పాస్, లేకపోతే పరీక్షలకు కూర్చోనివ్వరు. ఆఖరి రోజున మార్కుల పుస్తకంలో ఇంకా సంతకం కాని ఇద్దర్నీ ఆయన మా ఇంటికే రమ్మన్నారు. నేను టీ పోస్తున్నాను. పిల్లలకు ఆయన 'అగాయ్', అంటే మాస్టారు; నేను 'ఎజే', అంటే అక్క.

"నిద్ర చాల్లేదని పొద్దున్నే చెబుతుంది ఎజే, ఈ యాప్. మా అమ్మ కూడా అంత పట్టించుకోదు" అంది బెగిమాయ్.

"నా ఫోన్లోది రొట్టె తిన్నానంటేనే ఎర్రబడుతుంది. వెన్న సంగతి నేనింకా చెప్పనేలేదు" అన్నాడు ఎల్దియార్.

ఆయన బెగిమాయ్ పుస్తకంలో సంతకం పెట్టి, ఎల్దియార్ ఫోను అందుకుని కళ్లజోడు సవరించుకున్నారు.

"ఒక్క రోజులో నలభై రెండు వేలా? ఎక్కడికెళ్లావురా, చైనాకా?"

"మా ఊరికి అగాయ్. మామయ్యతో కలిసి గొర్రెల్ని కొండమీది పచ్చికకు తోలాను. మూడు రోజులు."

"నడిచేనా?"

ఎల్దియార్ చెవులు కందిపోయాయి. "గుర్రం మీద."

"అయితే గుర్రాన్ని పాస్ చెయ్యండి అగాయ్!" అంది బెగిమాయ్. "హాజరు కూడా వీడికంటే దానికే బాగుంటుంది."

"నువ్వూరుకో. లెక్కేసింది యాపు, నేను కాదు. మూడు రోజులు జీను మీద కూర్చుని చూడు, తర్వాత మెట్లు దిగగలవేమో!" అని, ఎల్దియార్ వెంటనే గొంతు తగ్గించాడు. "అగాయ్, ఈ పరీక్షలు తప్పితే నా హాస్టల్ గది పోతుంది. ఇంటికెళ్లి గొర్రెలే కాయాలి."

మా ఆయనా కాపరి కొడుకే. ఫోను బల్ల మీద పెట్టి అడిగారు.

"కనుమల దగ్గర దిగావా, ఎక్కే ఉన్నావా?"

"దిగాను అగాయ్. రెండు కనుమల్లోనూ. ముందు కాలి గిట్ట నొప్పిగా ఉంది దానికి. పగ్గం పట్టుకుని నడిపించాను."

"అక్కడ పడ్డ అడుగులు నీవే." ఆ రెండు కనుమలూ ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలిసినవే. వేళ్ల మీద లెక్క వేశారు. "గుర్రం వాటా తీసేస్తే తొమ్మిది వేలు తక్కువ. లే, నడుద్దాం."

"మీరెందుకు అగాయ్?"

"నువ్వు దారిలో గుర్రం ఎక్కితే ఎవడు చూస్తాడు?"

నేను నమ్మలేదు. కారు తాళాలు బల్ల మీదే వదిలి ఆయన నిజంగానే బయటికి నడిచారు.

ఎండ వాలుతుండగా ఇద్దరూ తిరిగొచ్చారు. ఎల్దియార్ భుజాన ఆయన కోటు వేలాడుతోంది. ముఖం దానిమ్మ గింజలా ఎర్రబడి, ఆయన గుమ్మంలోనే కూలబడి, వాడి మార్కుల పుస్తకం మోకాలి మీద పెట్టుకుని 'పాస్' అని రాశారు. రొప్పుతూ పెట్టిన సంతకం వంకరపోయింది. ఎల్దియార్ పుస్తకాన్ని రెండు చేతులా అందుకుని, ఆయన బూట్ల తాళ్లు విప్పడానికి కింద కూర్చున్నాడు.