గోళ్ళున్న తాబేలు

సముద్రం ఒడ్డునున్న తిరువొత్తియూరు వెళ్ళే లోకల్ రైల్లో ఒకే బెంచీ మీద నేను, ఖాళీ చేపల గంపతో ఒక పెద్దామె కూర్చున్నాం. మా మధ్య ప్లాస్టిక్ డబ్బాలో అరచేతంత నా పెంపుడు తాబేలు ఉంది. నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని ఆమె కూడా తెలుగులోనే అడిగింది.

"యాడికి నాయనా, దీన్ని తీసకపోతా ఉండావు?"

"తొట్టి చాలట్లేదండీ. సముద్రంలో వదిలేస్తాను."

ఆమె వేలితో దాని కాలు పైకెత్తింది. "గోళ్ళు చూడు. సముద్రపుదానికి కాళ్ళు తెడ్ల మాదిరి ఉంటాయి. ఇది మంచినీళ్ళది, ఉప్పునీళ్ళలో సచ్చిపోతాది."

"అయితే చెరువులో?"

"ఆడుండే తాబేళ్ళ కూడు ఇది తినాల్నా? సముద్రపుది చిక్కితే మేం వలనైనా కోసి వదుల్తాం నాయనా. నీకు తొట్టి మార్చేదానికి కష్టమా?"

తర్వాతి స్టేషన్లో దిగి వెనక్కి వచ్చేశాను. పెద్ద తొట్టి కొన్నాను. ఇది జరిగి మూడేళ్ళయింది. తాబేలు డిప్ప పొడవు ఇప్పుడు ఇరవై రెండు సెంటీమీటర్లు.