పట్ట కట్టినట్టు కట్టిన ప్రింట్ బటన్

ఈ పొద్దు ఎర్రగుంట్లలో లారీలు తూకమేసే కాటా కాడికి పరిగెత్తినా. అక్కడి కంప్యూటర్లో తూకం చీటీల సాఫ్ట్‌వేర్ నేను రాసిందే. “ప్రింట్ బటన్ మాయమైంది మా, బిర్రన రా” అని కాటా ఆపరేటర్ మస్తానన్న ఫోన్ చేసినాడు.

పోయి చూస్తే, సగం స్క్రీన్‌లో కాటా మీది లారీని చూపించే కెమెరా, మిగతా సగంలో నా విండో. విండోను కుదించేసరికి కుడిపక్కనున్న బటన్ బయటికి పోయింది. బయట లారీలు ఒకటే హారన్లు! తప్పు నాదే. విండో సైజును బట్టి బటన్లను తానే సర్దే లేఅవుట్ మేనేజర్ ఎందుకులే అని, ప్రతి బటన్‌నూ పిక్సెళ్లు కొలిచి మేకు కొట్టినట్టు పెట్టినా.

మస్తానన్న ఇంతకు ముందు లారీ తోలిన మనిషి.

“లారీకి టార్పాలిన్ పట్ట ఎట్ల కడతారో చూసినావా మా? అంచులు కొక్కేలకు కడతాం. లోడు ఎంతున్నా అంచులు కదలవు. పెరిగేదీ తగ్గేదీ నడుమ ఒక్కటే.”

అబ్బా! లేఅవుట్ మేనేజర్లలో బార్డర్ లేఅవుట్ అనేది అచ్చం ఇదే గదా! ఆడనే కూర్చొని లారీ నంబరును పై అంచుకు, ప్రింట్ బటన్‌ను కింది అంచుకు కట్టేసి, తూకం చూపే డబ్బాను నడుమ వదిలేసినా.

మస్తానన్న విండోను లాగుతాడు, కుదిస్తాడు, మళ్లా లాగుతాడు. బటన్ అంచు వదిలితే ఒట్టు!

“ఇంగ ఎంత గాలొచ్చినా పోదులే మా” అన్నాడు.

ఈ లేఅవుట్ల పాఠానికి కాలేజీలో నాకు మంచి మార్కులే వచ్చినాయి. ఇప్పటికీ పిక్సెళ్లు కొలిచి బటన్లు పెట్టేవాళ్లు మీలో ఎవరన్నా ఉంటే చెప్పండి, నా సిగ్గులో సగం మీకిస్తా.