తడిగా ఉన్నప్పుడే

మా ఆఫీసు పక్కన ఒకాయన పాత కుర్చీలు బాగుచేస్తాడు. నిన్న ఆయన వార్నిష్ డబ్బా మూత తీయగానే ఆ ఘాటు కిటికీలోంచి నా బల్ల మీదికి వచ్చింది. విజయవాడ ఎండకి ఆ వాసన ఇంకా చిక్కబడుతుంది. నాకు వడ్రంగి వీరాచారి గారు గుర్తొచ్చారు. ఏ చెక్కనైనా ఆయన ముందు వాసన చూసేవారు, తర్వాతే చేత్తో తాకేవారు.

మైలవరం దాటాక, కొండ వాలున, ఆయుర్వేద వైద్యులు శేషయ్య గారికి చెక్కతో మందుల ఇల్లు కట్టాం. మూలికలు ఆరబెట్టడానికీ దాచడానికీ. ప్లాను నాది, పని చల్లపల్లి నుంచి వచ్చిన ఆచారి గారిది. కొండ కనబడాలని పడమటి గోడంతా అద్దాలు గీశాను. ఆయన కాగితం తిప్పి తిప్పి చూశారు.

"మూలికలు నీడన ఆరాలండీ. మీరేమో మధ్యాహ్నం ఎండని భోజనానికి పిలిచారు!"

శేషయ్య గారు పకపకా నవ్వారు. అద్దాలు తీసేసి చెక్క జాలీ పెట్టాను గానీ, ఆ నవ్వు నాలో ముల్లులా ఉండిపోయింది.

లోపలి అరలకి ఏ పూతా వద్దని కూడా ఆచారి గారే అన్నారు. "మందుల ఇల్లండీ ఇది. మెరవడానికి పెళ్ళిపందిరా? చెక్కకి ఏ వాసనుంటే వేరుకీ అదే పడుతుంది." తలూపాను. పని ముగించి ఆయన ఊరెళ్ళగానే, ఫొటోలు బాగా రావాలని, వేరేవాళ్ళతో అరలన్నిటికీ వార్నిష్ వేయించాను.

నెల తిరక్కుండా సుగంధిపాల వేళ్ళు వార్నిష్ కంపు కొట్టాయి. శేషయ్య గారు గంపలకొద్దీ పారబోయించి, "ఎవరి పనిది?" అన్నారు.

"ఆచారి గారే చివర్లో వేసినట్టున్నారండీ."

ఆ 'వేసినట్టున్నారు' నా పిరికితనం. సూటిగా అబద్ధమాడే ధైర్యం కూడా లేకపోయింది. "ఇక ఆయన్ని నా గడప తొక్కనివ్వను" అన్నారు శేషయ్య గారు.

మూడు వారాలు ఓర్చుకున్నాను. తర్వాత చల్లపల్లి బస్సెక్కాను. పామర్రులో దిగి వెనక్కి వెళ్ళిపోదామనుకుని, మళ్ళీ కూర్చున్నాను.

ఆచారి గారు వాకిట్లో చిత్రిక పడుతున్నారు. నిలబడే చెప్పాను, వార్నిష్ వేయించింది నేనేనని, ఆయన పేరు చెప్పింది కూడా నేనేనని.

చిత్రిక ఆగింది. "ఎన్నాళ్ళయింది వేయించి?"

"రెండు నెలలు కావస్తోందండీ."

"తడిగా ఉన్నప్పుడే చెప్పుంటే గుడ్డతో తుడిస్తే పోయేదండీ. ఇప్పుడు చెక్క చెక్కాలి." భుజాన తువ్వాలు వేసుకున్నారు. "పదండి. శేషయ్య గారికి మీ నోటితోనే చెబుదురుగాని."

చెప్పాను. శేషయ్య గారు చాలాసేపు తిట్టారు. ఆనక ఇంట్లోకి కేకేశారు: "ముందు ఆచారి గారికి మజ్జిగ తెండి. ఈయన సంగతి తర్వాత చూద్దాం!"

ఎనిమిది రోజులు ఆచారి గారు అరలు చిత్రిక పట్టారు, నేను అవతలి కొస పట్టుకున్నాను. చివరి రోజు అరలో తల పెట్టి వాసన చూసి, నన్నూ చూడమన్నారు. ఉత్త చెక్క వాసన. చాలా రోజుల తర్వాత గుండె నిండా గాలి పీల్చుకున్నాను.

ఆచారి గారు ఇప్పుడు లేరు. మొన్న ఒక ఇంటి మెట్ల కొలత తప్పు వేశానని గుర్తించాను. కాంక్రీటు పోయడం మర్నాడే. వెంటనే ఇంటాయనకి ఫోన్ చేసి, ఆయన హలో అనకముందే "తప్పు నాదేనండీ" అన్నాను. కాసేపు కేకలేసి, "సర్లెండి, భోంచేశారా?" అని అడిగారాయన.