ఖాజా చాచా తెరచాప

నిన్న నకిరేకల్ బస్టాండులో ఒక పాత బస్సు నా ముఖం మీదే నల్లటి పొగ వదిలి కదిలింది. పక్కనున్నవాళ్లు కొంగులూ రుమాళ్లూ అడ్డం పెట్టుకున్నారు. నాకు మాత్రం నవ్వొచ్చింది. గొంతు మాడ్చే ఆ డీజిల్ వాసనతో ఖాజా చాచా మాట గుర్తొచ్చింది: "పొగంటే ఏంది బిడ్డా? తినకుండ పారేసిన బువ్వ." చేతిలోని పేపర్లో అప్పుడే ఒక బొమ్మ చూశాను. సముద్రాలు దాటించి కార్లను మోసుకెళ్లే పెద్ద ఓడ, దాని నెత్తిన తెరచాపలు. గాలి సాయంతో నూనె తక్కువ కాల్చి, పొగ తక్కువ వదులుతుందట. ఈ సంగతి ఎనభయ్యో దశకం చివర్లోనే కృష్ణ ఒడ్డున చాచా చెప్పాడు. రేవులో అందరూ నవ్వారు. సైన్సు టీచరునైన నేనూ నవ్వాను.

చాచాది కొల్లాపూర్. వయసంతా కార్ల ఓడల్లో, ఇంజను గదిలో గడిపి ఇంటికొచ్చాడు. వచ్చాక రేవులో బల్లకట్టు నడిపేవాడు. రెండు పడవలు జోడించి పైన చెక్కలు పరిస్తే అదే బల్లకట్టు. ట్రాక్టర్లూ జీపులూ దాని మీదే ఏరు దాటేవి. ప్రతి ఆదివారం నేనూ దాటేదాన్ని. అవతలి ఊళ్లలో దిష్టి, శకునాలు, ముహూర్తాలు ఒట్టి మూఢనమ్మకాలని ఉపన్యాసాలివ్వడం నా పని. చర్చావేదికల మీద పెరిగినదాన్ని, ఎదుటివాడి నోరు మూయిస్తే గెలిచినట్టేననుకునేదాన్ని. చాచా ఇంజను తుడుచుకుంటూ అనేవాడు: "పంతులమ్మా, నీ నోట్లకెల్లి గూడ పొగ మస్తుగొస్తాంది. జర మంచిగ కాలనియ్యి."

ఓడ కబుర్లు చెప్పమంటే అతనికి పండగే. "అంతస్తు మీద అంతస్తు, అన్నీ కార్లే. సంతల గొర్లు నిలబడ్డట్టు ఉంటుండె. కెప్టెన్ జర నిదానంగ పోనియ్యమంటే పొగ ఎంత తగ్గుతుండెనో! పైన గంత గాలి ఉత్తగ పోతాంటే, కింద మేము నూనె తగలబెడుతుంటిమి. పాగల్‌గాళ్లం." సముద్రంలో చేయలేనిది ఏట్లో చేద్దామని యూరియా సంచులు విప్పి, తనే కుట్టి, బల్లకట్టుకు తెరచాప కట్టాడు. ఊరు ఊరంతా ఎగతాళి చేసింది. "చాచా, గా గుడారంల సర్కస్ ఎప్పుడు?" అని పిల్లలు కూడా అడిగేవారు. చివరికి సర్పంచ్ తేల్చి చెప్పాడు: సగం ఇంజనుతో, తెరచాపతో ఒక ట్రాక్టరును క్షేమంగా దాటించి చూపాలి. ఏ కొంచెం తేడా వచ్చినా తెరచాప విప్పెయ్యాలి.

ఆ ఆదివారం సర్పంచ్ కూడా బల్లకట్టెక్కాడు. డ్రైవరు యాదయ్య ట్రాక్టరు ఎక్కించి, పసుపు పూసిన నాలుగు రాళ్లు చక్రాల కింద పెట్టి, దండం పెట్టుకుని దిగాడు. నా రక్తం ఉడికింది. ఇంత సైన్సు జరిగే చోట రాళ్లకు మొక్కడమా! అతను బీడీ కోసం అటు తిరగగానే ముందున్న రెండు రాళ్లు లాగి ఏట్లో పారేశాను. ఒక్కదాన్నే పోరాటం గెలిచినంత గర్వంగా నిలబడ్డాను.

నడి ఏట్లో గాలి తెరచాపను నింపింది. బల్లకట్టు కొంచెం ముందుకు వంగింది. ట్రాక్టరు కదిలింది. దాని బ్రేకులు పేరుకే. నేను "భయపడకండి" అని గొంతెత్తేలోపే చాచా అరిచాడు: "ఉపన్యాసం తర్వాత పంతులమ్మా, బస్తా పట్టు!" బల్లకట్టు మీద ఎవరో ఎక్కించిన పల్లికాయ బస్తాను ఇద్దరం ఈడ్చి చక్రం ముందు పడేశాం. ట్రాక్టరు దాన్ని గుద్దుకుని ఆగింది. బస్తా పగిలి పల్లికాయలన్నీ సర్పంచ్ చెప్పుల మీద పడ్డాయి.

ఒడ్డు చేరగానే సర్పంచ్ చెయ్యి తెరచాప వైపు లేచింది. "జూసినవా? గీ సంచుల గాలికే బండి కదిలింది. ఇప్పుకో ఖాజా." చాచా తెరచాప తాడు ముడి వైపు చెయ్యి చాపాడు. నేను మౌనంగా ఉంటే చాలు, నా పరువు దక్కేది. అతని తెరచాప పోయేది. అంత మందిలో నేనెన్నడూ అంత చిన్న గొంతుతో మాట్లాడలేదు: "తెరచాప తప్పు లేదు. రాళ్లు నేనే తీసేశాను."

యాదయ్య లెంపలేసుకున్నాడు. "అందుకే గంగమ్మకు కోపమొచ్చింది!"

చాచా పకపకా నవ్వాడు. "జర ఆగు యాదీ. ఒడ్డు మీది రెండు రాళ్లు తే. తెచ్చినవి, మిగిలినవి, అన్నీ సబ్బు పెట్టి కడుగుదాం. గీ ఉత్త రాళ్లతోనే, గిదే తెరచాపతో ఎనుకకు పోదాం. బండి కదిలిందా, గంగమ్మ కోపం. కదలలేదా, రాయి పని."

కదలలేదు. సర్పంచ్ చివరిదాకా చక్రాల పక్కనే గొంతుక్కూర్చుని చూశాడు. దిగి, "ఉండనియ్యి నీ గుడారం" అన్నాడు.

తర్వాత చాచాను నిలదీశాను, పసుపు ఎందుకు పూయనిచ్చావని. "డ్రైవరు రాయి పెట్టుడు మరుస్తడు, పసుపు మరువడు. ఓడల ప్రతి కారును పట్టీలతోని కట్టేటోళ్లం, చూసేటందుకు మనిషుండె. ఈడ ఎవడున్నడు? నీకు ఇంకో ఉపాయం ఎరుకైతే చెప్పు, రేపే కడుగుత." ఎన్నో వేదికలెక్కిన నాకు జవాబు దొరకడానికి వారం పట్టింది. బల్లకట్టు చివర, బండి ఎక్కాక అడ్డంగా వేసే ఇనప కమ్మీ కూర్చునే కొక్కేలకే రాళ్లను తాళ్లతో వేలాడదీశాం. రాళ్లు తీసి చక్రాల కింద పెడితే తప్ప కమ్మీ పడదు. కమ్మీ పడితే తప్ప చాచా ఇంజను వెయ్యడు. యాదయ్య ఆ తర్వాత కూడా దొంగచాటుగా ఒక బొట్టు పెట్టేవాడనుకోండి.

పసుపు రాయికి నేను ఇప్పటికీ మొక్కను. మూఢత్వం మీద నా కలం వేడీ తగ్గలేదు. కానీ దేన్నైనా విసిరేసేముందు వంగి, దాని మీద ఏ బరువు ఆగి ఉందో చూస్తాను. రాసిన ప్రతి వ్యాసాన్నీ మరొకసారి చదివి, పొగ వస్తున్న వాక్యాలు కొట్టేస్తాను. నిన్న పేపర్లో ఆ ఓడను కూడా చాలాసేపు చూశాను. అందరూ దాని తెరచాపలు చూసి ఉంటారు. నేను మాత్రం, లోపల బొమ్మకందని ఆ కార్ల చక్రాలకు పట్టీలు సరిగ్గా బిగించారా అని, చాచా అయితే అడిగేటట్టే అడుగుతూ కూర్చున్నాను.